అరవై నోళ్ళున్న తరగతిలో ఆట

(ఆదోనిలో జరిగిన భాషా ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు పండితురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఫ్యాను కింద సీటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు, దొరకనివాళ్ళు కాస్త ఓర్చుకోండి. ఉగ్గాని, బజ్జీలు తిన్న తర్వాత మాట్లాడమని నన్ను పెట్టినారు. అంటే నిద్రపోయేవాళ్ళను లేపే డ్యూటీ నాకిచ్చినారన్నమాట. అందుకే ముందే చెప్తున్నా, చివర్లో మీ అందరినీ లేపి ఒక ఆట ఆడిస్తాను. ఆటల గురించి కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్తే ఏం బాగుంటుంది?

ముందు ఒక లెక్క. తెలుగు టీచరుకు లెక్కలెందుకమ్మా అనుకోవద్దు, చిన్న లెక్కే. పీరియడు 40 నిమిషాలు. హాజరు, 'సార్ పెన్ను లేదు', 'మేడం వీడు గిచ్చినాడు', వీటికి 5 నిమిషాలు తీసేయండి. మిగిలింది 35. పిల్లలు ఎంతమంది? 2009 విద్యాహక్కు చట్టంలో ప్రాథమిక తరగతులకు 30 మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచరు అని రాసి ఉంది. రాసి ఉంది. ఎందుకు నవ్వుతున్నారు? సరే, నవ్వినారు కాబట్టి మీ తరగతి లెక్కే వేసుకుందాం, 60 మంది. ఒక్కొక్కరినే లేపి మాట్లాడిస్తే ఒక్కో బిడ్డకు ఎంత వస్తుంది? 35 సెకన్లు. అదీ నేను పూర్తిగా నోరు మూసుకుంటే. నేను నోరు మూసుకుంటానా? ముప్పై ఏళ్ళకు పైగా మూసుకోలేదు, మా ఇంటాయనను అడగండి.

35 సెకన్లలో ఎవరికైనా భాష వస్తుందా? వినడం వస్తుందేమో. రాసుకోవడం వస్తుందేమో. మాట రాదు. మాట నోట్లో తిరగాలి, నలగాలి, తప్పు పోవాలి, మళ్ళీ రావాలి. అందుకే పెద్ద తరగతికి ఏ ఆట తెచ్చినా నేను వేసే ప్రశ్న ఒకటే. ఈ ఆటలో ఒక్కసారికి ఎన్ని నోళ్ళు కదులుతున్నాయి? ఒక్క నోరు కదిలి 59 మంది చూస్తుంటే అది ఆట కాదప్పా, ప్రోగ్రాం. ఆగస్టు పదిహేనుకు పెట్టుకోండి దాన్ని.

ట్రైనింగుల్లో మనకు ఆటలు చాలా నేర్పించినారు. అక్కడ మనం ఎంతమంది ఉంటాం? ముప్పై మంది పెద్దవాళ్ళం, గుండ్రంగా నిలబడతాం, బంతి విసురుకుంటాం, బంతి వచ్చినవాళ్ళు ఒక మాట చెప్తారు. బాగుంటుంది. అదే బంతిని 60 మంది పిల్లల మధ్య విసరండి. నలుగురికి వస్తుంది. ఆ నలుగురూ ఎవరో కూడా మీకు తెలుసు, ముందు బెంచీలోవాళ్ళే. మిగిలినవాళ్ళు బంతిని చూస్తుంటారు, మాటను కాదు.

ఇంకొకటి. 'తప్పు చెప్పినవాడు అవుట్, కూర్చో.' ఈ ఒక్క మాట మన ఆటలన్నిటినీ చెడగొట్టింది. మొదట అవుటయ్యేది ఎవరు? రానివాడు. చివరిదాకా ఉండేది ఎవరు? వచ్చినవాడు. అంటే అభ్యాసం కావలసినవాడికి అర నిమిషం, అక్కరలేనివాడికి అర గంట! ఇంతకంటే అన్యాయం ఉందా? నా తరగతిలో అవుట్ అనే మాట లేదు. తప్పు పోతే ఆ జట్టు నుంచి ఈ జట్టుకు మారతాడు, అంతే. ఆట మాత్రం ఆడుతూనే ఉంటాడు.

సరే, ఇప్పుడు ఒక్కో ఆటా చూద్దాం. కొత్తవేమీ కావు, మీరు ఆడినవే. తరగతికి తగ్గట్టు వాటిని ఎట్లా కత్తిరించుకోవాలో అదే చెప్తాను.

చెవిలో మాట. ఒకడి చెవిలో చెప్తే వాడు పక్కవాడి చెవిలో చెప్తాడు, చివరికి మాట ఇంకేదో అయ్యి బయటపడుతుంది, అందరూ నవ్వుతారు. 60 మందిని ఒకే గొలుసుగా పెడితే? చివరివాడి దగ్గరికి మాట వచ్చేసరికి వాడు కిటికీలోంచి మేకల్ని లెక్కపెడుతుంటాడు. అట్లా వద్దు. ఆరుగురికి ఒక వరుస, పది వరుసలు, అన్నీ ఒకేసారి మొదలు. ప్రతి వరుసలో మొదటివాడికి చీటీ చూపిస్తాను. చివరివాడు విన్నది విన్నట్టు బోర్డు మీదో స్లేటు మీదో రాస్తాడు. రెండో సారి చివరివాడే మొదటివాడు. ఒకసారి ఇచ్చిన వాక్యం, 'కళ్యాణదుర్గం సంతలో ఎర్ర మేక నల్ల మేకను పొడిచింది.' పది వరుసలు పది రకాలుగా రాసినాయి. ఒక వరుసలో మేక మేకును పొడిచింది. ఇంకో వరుసలో సంత పోయి సొంత వచ్చింది. ఇప్పుడు అసలు పాఠం మొదలు. పది వాక్యాలూ బోర్డు మీద ఉన్నాయి, ఎక్కడ మారింది, ఏ అక్షరం దగ్గర మారింది, పిల్లలే పట్టుకోవాలి. 'ఎర్ర' అనే మాటలో ఒత్తు మింగినవాడిని నేను తిట్టనక్కరలేదు, వాడి వరుసవాళ్ళే చూసుకుంటారు.

మీరు అనొచ్చు, గుసగుసలాడితే అది మాట్లాడటమా అని. అవును. చెవిలో చెప్పేటప్పుడు బిడ్డ చాలా స్పష్టంగా పలుకుతాడు, గమనించండి. సిగ్గుపడే పిల్లకు 60 మంది ముందు నోరు రాదు, ఒక్క చెవి ముందు వస్తుంది.

'రాజు చెప్పాడు' మీ అందరికీ తెలుసు. రాజు చెప్పాడు, ముక్కు పట్టుకో, పట్టుకోవాలి. ఊరికే ముక్కు పట్టుకో అంటే పట్టుకోకూడదు. ఇంగ్లీషు టీచర్లకు ఇది చాలా పనికొస్తుంది. 1960లలో అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇట్లా ఆజ్ఞ విని ఒంటితో చేసి చూపించడం మీదే ఒక బోధనా పద్ధతిని కట్టినాడు. కొత్త భాషను ముందు ఒళ్ళు అర్థం చేసుకోవాలి, స్టాండప్ అంటే లేవాలి, టర్న్ రౌండ్ అంటే తిరగాలి, నోరు తర్వాత దానంతటదే తెరుచుకుంటుంది, అంతదాకా పిల్లవాడిని మాట్లాడమని పీడించొద్దు అని ఆయన వాదన. చంటిబిడ్డలు అట్లనే కదా నేర్చుకునేది! ఇందులో నేను చేసే మార్పు ఒకటే. నాలుగు రోజుల తర్వాత రాజు నేను కాదు. పదేసి మందికి ఒక రాజు, గది నిండా ఆరుగురు రాజులు. రాజైనవాడికి టెన్షన్ ఉంటుంది చూడండి, ఏ మాట చెప్పాలా అని. ఆ టెన్షన్ మంచిదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట. దీనికి పేరు కూడా పెట్టలేదు, పిల్లలే 'రెండక్షరాలు' అన్నారు. బోర్డు మీద రెండు హల్లులు రాస్తాను. న, ర. అంతే. గుణింతం మీ ఇష్టం, ఒత్తులు వద్దు, సున్నా వద్దు, వరుస మార్చకూడదు. ఎన్ని మాటలొస్తాయి? చెప్పండి, మీరే చెప్పండి. నారు. నీరు. నూరు. నోరు. నార. ఇంకా? నారి. చూడండి, ఒక్క దీర్ఘం మారితే వరి మడిలో నారు, నీరైంది, నూరైంది, నోరైంది. గుణింతం చదవమంటే పిల్లలకు ఏడుపొస్తుంది. న నా ని నీ, కళ్ళు మూసుకుని పాడతారు, బోర్డు మీద 'నూ' చూపిస్తే తెలీదు. ఈ ఆటలో గుణింతం వాడి చేతిలో పనిముట్టు. వాడు దాన్ని తిప్పి తిప్పి చూస్తాడు.

క, ల ఇవ్వండి. కల, కాలు, కలి, కూలి, కోల, కీలు. మ, ర ఇవ్వండి. మర, మరి, మారు, మీరు, మేర, మోర. బెంచీకి ఒక జట్టు, మూడు నిమిషాలు. ప్రతి బెంచీలో గుసగుస, నువ్వు రాయి, నేను చెప్తా, అది లేదురా, ఉందిరా. అన్ని నోళ్ళూ కదులుతున్నాయా లేదా?

షరతు ఒకటుంది. మాట రాస్తే చాలదు, దాన్ని వాక్యంలో పెట్టి చెప్పాలి. వాక్యం కుదిరితేనే మార్కు. ఈ షరతు లేకపోతే ఏమవుతుందో తెలుసా? మె, రె అని ఏదో కలిపి, 'ఉంది మేడం, మా ఊర్లో అంటారు' అని చెప్తారు. వాక్యం చెప్పు నాయనా అంటే దొరికిపోతారు. కొన్నిసార్లు మనమే దొరికిపోతాం. 'నేరు' అని ఒకడు రాసినాడు. అట్లాంటి మాట లేదు పో అని పక్క బెంచీ. వాడు లేచి, 'ఈ దారిన పోతే నేరుగా బస్టాండుకు పోతాం' అన్నాడు. నేరుగా ఉంటే నేరు ఉన్నట్టా, లేనట్టా? ఆ రోజు నిఘంటువు తీయించినాను. ఇద్దరు కొట్లాడుకుంటే తప్ప మన పిల్లలు నిఘంటువు ముట్టరు. కొట్లాడుకోనివ్వండి.

ఒక పిల్ల సంగతి చెప్పాలి ఇక్కడ. మన పడమటి మండలాల్లో పిల్లలు అమ్మానాన్నలతో సుగ్గికి పోతారని మీకు తెలుసు. పత్తి తీయడానికో, గుంటూరు వైపు మిరప కోతలకో పోయి నెలల తర్వాత వస్తారు. వచ్చేసరికి పాఠాలు దాటిపోయి ఉంటాయి, బెంచీలో వాళ్ళ చోటు కూడా పోయి ఉంటుంది. అట్లా వచ్చిన పిల్ల, వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. మ, ర ఇచ్చిన రోజు అన్ని బెంచీలూ మర, మరి, మారు దగ్గర ఆగిపోయినాయి. ఆ పిల్ల పక్కదాని చెవిలో చెప్పింది, పక్కది గట్టిగా అరిచింది, 'మూర!' వాక్యం చెప్పమంటే పిల్లే లేచింది. 'మా అవ్వ గుడి దగ్గర మల్లెపూలు మూర లెక్కన అమ్ముతుంది.' చేయి చాచి చూపించింది, మోచేయి నుంచి వేళ్ళ దాకా. మిగిలిన పిల్లలంతా తమ మోచేతులు చూసుకున్నారు. పాఠం వెనకబడింది కానీ ఆ పిల్ల దగ్గర మాటలు లేవా? పాఠ్యపుస్తకం అడగని మాటలున్నాయి. ఈ ఆట అడిగింది.

తర్వాత, మాటల అంత్యాక్షరి. దీంట్లో మనకొక చిక్కుంది, ఆడించినవాళ్ళకు తెలుసు. చివరి అక్షరంతో మాట చెప్పాలంటే మన తెలుగు మాటలన్నీ డు, ము, లు, వు దగ్గర ఆగుతాయి. రాముడు అన్నాడనుకోండి, డు తో ఏం చెప్తారు? కళ్ళు అంటే? ళ్ళు తో మాట మొదలవుతుందా? రెండు నిమిషాల్లో ఆట చస్తుంది. అందుకని నియమం సడలించండి. చివరి అక్షరంలోని హల్లు తీసుకోండి, గుణింతం ఏదైనా ఫరవాలేదు. డు వస్తే డబ్బు, డప్పు, డోలు, డేగ, ఏదైనా సరే. ళ వస్తే ల తీసుకోండి, ణ వస్తే న తీసుకోండి. ఇక ఆట ఆగదు. ఇద్దరిద్దరే ఆడాలి, తరగతి మొత్తం కాదు. ఇద్దరిద్దరు ఆడితే ముప్పై నోళ్ళు ఒకేసారి! పది నిమిషాల్లో ఒక్కో బిడ్డకు ఐదు నిమిషాల మాట. ఇందాక వేసిన లెక్కతో పోల్చుకోండి, 35 సెకన్లెక్కడ, ఐదు నిమిషాలెక్కడ?

మనది సరిహద్దు కదా, ఇటు సిరుగుప్ప, అటు రాయచూరు. ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళూ ఉంటారు. కన్నడ పిల్లలతో ఒక చిన్న ఆట. నేను హాలు అంటే వాళ్ళు పాలు అనాలి. హులి అంటే పులి. హావు అంటే పాము. హూవు అంటే పువ్వు. వాళ్ళ హ మన ప అని రెండు నిమిషాల్లో పట్టేస్తారు. కన్నడ రాని పిల్లలకు అప్పుడు భలే తమాషా, ఆ రోజు కన్నడ పిల్లలే మేష్టర్లు. అన్ని మాటలకూ పనిచేయదు, హత్తు పత్తు కాదు, పది అవుతుంది. అది కూడా వాళ్ళే కనుక్కుంటారు.

పొడుపు కథలకు పెద్ద విధానం ఏమీ అక్కరలేదు. ముప్పై మందికి పొడుపు చీటీ, ముప్పై మందికి విడుపు చీటీ. 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు' అని ఒకడు తిరుగుతుంటే కనురెప్పలు ఉన్నవాడు వచ్చి కలుస్తాడు. పై తరగతులకు ఆటవెలది పద్యాలను పాదానికొక చీటీగా కత్తిరించండి. 15 పద్యాలు, 60 చీటీలు. నలుగురు నలుగురు వెతుక్కుని వరుసగా నిలబడాలి. చీటీలకు అట్ట కొనొద్దు, పాత పెళ్ళిపత్రికలు ఉన్నాయి కదా ఇంటి నిండా.

పరుగుల డిక్టేషన్ దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను. నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది ప్రతులు, వరండా గోడకు అక్కడక్కడ అంటించండి. నలుగురికి ఒక జట్టు. ఒకడు పరుగెత్తి పోయి చదివి, గుర్తుపెట్టుకుని, వచ్చి చెప్పాలి, మిగిలినవాళ్ళు రాయాలి. పలక వెంట తీసుకుపోకూడదు. వాక్యానికొకసారి పరుగెత్తేవాడు మారాలి. నేను గది మధ్యలో నిలబడను, గుమ్మం దగ్గర నిలబడతాను. ఎందుకు? అక్కడే చదువు కనిపిస్తుంది. సరిగ్గా చదవలేనివాడు రెండేసి మాటలు మోసుకొస్తాడు, పెదవులు కదుపుతూ, ఎవరైనా పలకరిస్తే కొట్టేటట్టు చూస్తాడు. నెల తర్వాత వాడే సగం వాక్యం మోస్తాడు. ఏ పరీక్ష పెట్టి నేను దాన్ని కొలవాలి? ఇంకొకటి. రాసేవాడు అడుగుతాడు, 'ఒరేయ్, విశేషంలో ఏ శ రా?' వీడికి గుర్తులేదు. మళ్ళీ పరుగు. శ, ష, స తేడా చూడటానికి ఒక పిల్లవాడు ఎండలో పరుగెత్తడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ప్రశ్నలు

ఆ వెనక సారు అడిగిన ప్రశ్న అందరికీ వినబడినట్టు లేదు. 'ఇట్లా ఆడిస్తే గోల కదా, పక్క తరగతి సారు ఊరుకుంటాడా' అని. ఊరుకోడు. నేనైనా ఊరుకోను. గోల వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. కానీ గోలలో రెండు రకాలున్నాయి. తెలుగు మాటలు వినబడే గోల ఒకటి, బెంచీలు వినబడే గోల ఒకటి. రెండోది వస్తే ఆట సరిగ్గా చెప్పలేదని గుర్తు. ఆట మొదలుపెట్టకముందే ఆపడం నేర్పించండి. మొదటి రోజు ఆట లేదు, ఆపడమే. రెండు నిదానం చప్పట్లు, మూడు వేగం చప్పట్లు, విన్నవాడు తానూ కొట్టి నోరు మూయాలి. నేను అరవను. 60 మంది గొంతుల మీద అరిస్తే నా గొంతు పోతుంది, వాళ్ళది పోదు. తర్వాత గొంతులకు పేర్లు పెట్టండి. చెవి గొంతు, బెంచీ గొంతు, మైదానం గొంతు. ఈ ఆటకు బెంచీ గొంతు అని ముందే చెప్పండి. ఇంకా కుదరకపోతే చెట్టు కిందికి పోండి. పొద్దున పూట పోండి, మన ఎండ సంగతి తెలుసు కదా. వాన వచ్చి ఆట ఆగిపోతుందన్న భయం మనకు ఎట్లాగూ తక్కువే.

మేడం గారు అడుగుతున్నారు, సిలబస్ ఎప్పుడు అవుతుందని. న్యాయమైన ప్రశ్న. ఆటకు పాఠం పక్కన పెట్టొద్దు, పాఠాన్నే ఆటలో వేయండి. పరుగుల డిక్టేషన్‌కు పేరా ఎక్కడిది? పాఠంలోదే. చెవిలో మాట వాక్యం? పాఠంలోదే. పీరియడుకు పది, పన్నెండు నిమిషాలు చాలు. రోజూ కొత్త ఆట కూడా వద్దు. కొత్త ఆట అంటే నియమాలు చెప్పడానికే సగం పీరియడు, అప్పుడు మాట్లాడేది నేనే. నాలుగు ఆటలు పెట్టుకోండి ఏడాదికి, లోపల మాటలు మార్చండి. పిల్లలకు విసుగొస్తుందా? గిల్లీదండా ఏడాదంతా ఆడతారు, వాళ్ళకు విసుగొచ్చిందా ఎప్పుడైనా?

కొట్లాటల గురించి ఇంకో సారు. మార్కులు వేసి గెలుపు, ఓటమి ప్రకటిస్తేనే కొట్లాటలు ఎక్కువ. జట్లను వారానికొకసారి కలపండి. నేను మార్కులు వేస్తాను, శనివారం చెరిపేస్తాను. బోర్డు ఖాళీ.

సరే, ఇక లేవండి. అందరూ. సార్, మీరు కూడా. పక్కవాళ్ళతో జోడీ కట్టండి, వీపులు ఆనించి నిలబడండి. ఒకరికి పలక, బలపం, ఈ సంచీలో ఉన్నాయి, అటు పంపండి. రెండోవాళ్ళకు ఒక బొమ్మ చీటీ ఇస్తున్నాను. ఇదేం బొమ్మ అని చెప్పకూడదు. కొండ, గుడి, మెట్లు, అట్లాంటి పేర్లు కూడా చెప్పకూడదు. గీత ఎటు పోతుంది, ఎక్కడ వంగుతుంది, ఎంత పొడుగు, పైనా కిందా, కుడా ఎడమా, అంతే చెప్పాలి. గీసేవాళ్ళు తిరిగి చూడకూడదు కానీ ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. బెంచీ గొంతు. ఐదు నిమిషాలు. కొంతమంది చీటీల్లో రణమండల కొండ ఉంది, ఎవరి పలక మీద అది బోర్లించిన గంపలాగా వస్తుందో చూద్దాం. నేను చప్పట్లు కొట్టేదాకా ఆపొద్దు. ఊఁ, మొదలుపెట్టండి.